పన్ను

పన్ను కాగితంలో
వృత్తి అని అచ్చేసిన చోట ఒక్కటే గడి.
పోయినేడు 'హాస్యం' అని రాశాను
అంతకుముందు 'సంగీతం'.
ఒకసారి 'వీడియో' అని రాస్తే
క్యాసెట్లు అద్దెకిస్తావా అని అడిగారు ఆఫీసులో.
ఈసారి పెన్ను కొస కొరుకుతూ
మూడూ పట్టేంత చిన్న అక్షరాలు నేర్చుకుంటున్నాను.

రెండు పడవల మీద కాళ్ళు పెట్టొద్దంటారు.
నావి మూడు పడవలు.
అదృష్టం, విన్నిపెగ్‌లో
నది నెలల తరబడి గడ్డకట్టే ఉంటుంది.
ఏ పడవా కదలదు,
ఏదీ మునగదు.

లాండ్రీ పైన నా గది.
కింద డ్రయ్యర్లు తిరుగుతుంటే
కెమెరా స్టాండు వణుకుతుంది.
అందుకే నేను తీసినవాటిలో
లోకం కాస్త జ్వరంతో ఉన్నట్టుంటుంది.
"అదేగా నీ శైలి" అంది ఒడెట్ మెచ్చుకోలుగా.
కాదనలేదు.
న్యాయంగా లాండ్రీ ఓనరు వాసిల్‌కి
అందులో వాటా ఇవ్వాలి.

మంగళవారం రాత్రి. బార్ వెనక గది.
బయట మైనస్ ముప్ఫై ఒకటి.
బస్సు కోసం నిలబడ్డ పావుగంటలో
అకార్డియన్ బిగుసుకుపోయింది,
పై 'స' పలకనంది.
తిత్తిని కోటు లోపల పొదువుకుని
పసిబిడ్డకి కాపడం పెట్టినట్టు
వెచ్చబెట్టాను.

శ్రోతలు ఏడుగురు.
ఇద్దరు నా తర్వాత ఎక్కాల్సినవాళ్ళు,
వాళ్ళు నవ్వరు, నిమిషాలు లెక్కపెడతారు.
ఒకాయన హాకీ స్కోరు కోసం వచ్చి
తలుపు పొరబడ్డాడు.

నవ్వు నాలుగు విధాల చేటన్నారు.
ఐదోది ఎవరూ చెప్పలేదు:
నవ్వాల్సిన చోట
ఫ్రిజ్ మోటారు వినబడటం.

విడాకుల జోకు వేశాను.
పంటి డాక్టరు జోకు వేశాను.
మూడోదానికి ముందు
ఊరికే, ఊపిరి కోసం
తిత్తి సాగదీశాను.
స్వరం లేదు, వట్టి గాలి.
అప్పుడు
వంటింటి తలుపు సందులోంచి
ఎవరో నవ్వారు.
ఎక్కిళ్ళలా మొదలై
రెండేసి మెట్లు దూకుతూ దిగే పిల్లాడిలా దొర్లి
చివర ఒక సన్నటి ఈల.

నేనింకా ఏమీ అననేలేదు.

ఇంటికొచ్చి ఫుటేజీ తెరిచాను.
పదిహేడు నిమిషాల నిశ్శబ్దం
తెర మీద మంచు కప్పిన పొలం.
మధ్యలో ఆ నవ్వొక్కటి
ఎవరో మరిచిపోయిన గడ్డివాములా.
కోశాను. సాగదీశాను. మళ్ళీ కోశాను.
ఎక్కిళ్ళ కింద ఎడంచేతి మెట్లు పరిచాను.
ఈ లోపు చలి వదిలిన పై 'స'
ఈల పక్కనే వచ్చి కూచుంది, పిలవకుండానే.
తెల్లారగట్ల నాలుగింటికి
ఉన్నట్టుండి తాళం తప్పింది.
కింద డ్రయ్యర్లు ఆగిపోయాయి, అంతే.
ఇన్నాళ్ళూ వాటి లయలోనే కోస్తున్నానని
అప్పుడు తెలిసింది.

తర్వాతి మంగళవారం వంటింట్లోకి వెళ్ళాను.
అర్సేనియో, గిన్నెలు కడుగుతాడు,
అరవై దాటుంటాయి.
"ఆ పెట్టె అచ్చం మా మావయ్య గురక" అన్నాడు,
"పంటి డాక్టరు జోకు మాత్రం బాలేదు."
తడి గ్లవ్జు ఒకటి తీసి
ఫోను చెవికి ఆనించుకున్నాడు.
ఈసారి నవ్వలేదు.
మళ్ళీ పెట్టమన్నాడు.
ఇంకోసారి.
కొళాయి పారుతూనే ఉంది, కట్టెయ్యలేదు.

"ఈల నాదేనా?"
అవునన్నాను.
నోరు తెరిచి చూపించాడు:
ముందు పన్ను లేదు.
"ఇలోఇలోలో మా ఆవిడకి తెలీదు.
ఫోన్లో పెదాలు మూసే మాట్లాడతాను.
ఇది వింటే పట్టేస్తుంది.
పన్ను కట్టించుకునేదాకా
బయటపెట్టకు."

నా పదేళ్ళలో ఇంత మంచిది చెయ్యలేదు.
అది పాటో, జోకో, బొమ్మో నాకే తెలీదు.
డెస్కు సొరుగులో, హార్డ్ డిస్కులో
నవ్వుతూ కూచుంది,
పక్కనే ఖాళీ గడితో ఆ కాగితం.

ఏప్రిల్ ఆఖరుదాకా గడువుంది
రెండు పన్నులకీ.